మల్టీబూట్ కంప్యూటర్‌లో మొదటి మెనూ ఎవరి చేతిలో ఉండాలి?

ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు లినక్స్ డిస్ట్రోలు (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు), వాటి పక్కన విండోస్ పెట్టుకుంటే ఇన్‌స్టాల్ చేసిన రోజు అంతా బాగానే ఉంటుంది. మెనూలో అన్ని పేర్లూ కనిపిస్తాయి, ఏది ఎంచుకుంటే అది తెరుచుకుంటుంది. ఇబ్బంది కొన్నాళ్ల తర్వాత మొదలవుతుంది. ఒక డిస్ట్రోలో మామూలుగా అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే వేరే మెనూ ఎదురవుతుంది. లేదా పాత మెనూయే వస్తుంది, పేరూ ఉంటుంది, ఎంచుకుంటే మాత్రం కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఫైల్ దొరకలేదంటుంది. ఒక్కోసారి మెనూ ఊసే లేకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటుంది.

అప్పుడు అందరూ అడిగేది ఏ బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ కాగానే ఆ మెనూ చూపించి సిస్టమ్‌ను తెరిచే ప్రోగ్రామ్) మంచిదని. గ్రబ్ తీసేసి సిస్టమ్‌డి-బూట్‌కి మారాలా, రెఫిండ్ పెట్టుకోవాలా అని వెతుకుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది, కింద దాని గురించి వివరంగానే చెప్పుకుందాం. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మొదటి మెనూ ఏ సిస్టమ్ ఆధీనంలో ఉండాలి? ఆ మెనూకి మిగతా సిస్టమ్‌ల లోపలి సంగతులు ఎంతవరకు తెలియాలి? మల్టీబూట్ తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండూ తేల్చకుండా ఇన్‌స్టాలర్‌కి వదిలేయడం వల్ల వచ్చేవే. ఇవి తేలితే ఏ బూట్‌లోడర్ పెట్టుకున్నా దాదాపు ఇబ్బంది ఉండదు. తేలకపోతే ఎంత మంచి బూట్‌లోడర్ పెట్టినా అదే గొడవ.

బయోస్ కాలం నాటి అలవాటు

పాత బయోస్ పద్ధతిలో కంప్యూటర్ ఆన్ కాగానే డిస్క్‌లోని మొదటి సెక్టార్‌ను చదివి, అందులోని కోడ్‌ను నడిపేది. ఆ సెక్టార్ సైజు 512 బైట్లు. అందులో 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌కి, చివరి 2 బైట్లు గుర్తుకి పోగా బూట్ కోడ్‌కు మిగిలేది 446 బైట్లే. ఒక ఫైల్ సిస్టమ్‌ను చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామ్ అంత చిన్న జాగాలో పట్టదు. అందుకే గ్రబ్ అక్కడ చిన్న ముక్క మాత్రం పెట్టి, మిగతా కోడ్‌ను మొదటి పార్టిషన్‌కి ముందు ఖాళీగా ఉండే సెక్టార్లలో పెట్టుకునేది. అంతకు ముందు వాడుకలో ఉన్న లైలో అనే బూట్‌లోడర్ అయితే కెర్నల్ డిస్క్‌లో ఏ బ్లాకుల్లో ఉందో ఆ నంబర్లనే రాసిపెట్టుకునేది. కెర్నల్ మారిన ప్రతిసారీ లైలో కమాండ్ నడపడం మరిచిపోతే మళ్లీ బూట్ అయ్యేది కాదు. లైలో అభివృద్ధి 2015తో ఆగిపోయింది.

ఆ పద్ధతిలో ఒక డిస్క్‌కి ఉండేది ఒకే చోటు. ఏ సిస్టమ్ చివరగా ఇన్‌స్టాల్ అయితే ఆ చోటు దానిది. కాబట్టి ఆ ఒక్క బూట్‌లోడరే మిగతా సిస్టమ్‌లన్నిటినీ వెతికి, వాటి కెర్నళ్లు ఎక్కడున్నాయో పట్టుకుని, మెనూలో చూపించాల్సి వచ్చేది. వేరే దారి లేదు.

బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) వచ్చాక ఆ పరిమితి పోయింది. డిస్క్‌లో ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్ ఉంటుంది. అది ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది కాబట్టి ఫర్మ్‌వేర్ దాన్ని నేరుగా చదవగలదు. ప్రతి సిస్టమ్ అందులో తన పేరుతో ఫోల్డర్ పెట్టుకుని, బూట్‌లోడర్‌ను మామూలు ఫైల్‌లాగే అక్కడ ఉంచుతుంది. ఉబుంటుకి ఒక ఫోల్డర్, ఫెడోరాకి ఒకటి, మైక్రోసాఫ్ట్‌కి ఒకటి. వీటిలో ఏవేవి ఉన్నాయి, ఏది ముందు నడవాలి అనే జాబితా మదర్‌బోర్డ్‌లోని ఎన్వీర్యామ్‌లో (కరెంట్ పోయినా చెరగని చిన్న మెమరీలో) ఉంటుంది. అంటే ఏ బూట్‌లోడరూ ఇంకోదాన్ని తొలగించాల్సిన పని లేదు. అన్నీ పక్కపక్కనే ఉండొచ్చు.

ఇంత మార్పు వచ్చినా చాలా ఇన్‌స్టాలర్లూ, వాడేవాళ్లూ ఇంకా పాత అలవాటుతోనే నడుస్తున్నారు. మెనూ ఒకటే ఉండాలి, అందులో అన్ని కెర్నళ్లూ కనిపించాలి అనుకుంటారు. బయోస్‌లో అది తప్పనిసరి. యూఈఎఫ్ఐలో అది కోరి తెచ్చుకునే కష్టం.

ఓఎస్-ప్రోబర్ ఎందుకు తడబడుతుంది

గ్రబ్ మెనూలో పక్క డిస్ట్రోల పేర్లు వచ్చేది ఓఎస్-ప్రోబర్ అనే ప్రోగ్రామ్ వల్ల. గ్రబ్ తన కాన్ఫిగ్ ఫైల్‌ను కొత్తగా తయారు చేసుకునేటప్పుడు దీన్ని నడుపుతుంది. అది కంప్యూటర్‌లోని మిగతా పార్టిషన్లను తెరిచి, అక్కడ వేరే సిస్టమ్ ఉంటే దాని గ్రబ్ కాన్ఫిగ్‌ను చదివి, అందులోని కెర్నల్ పేరు, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే తాత్కాలిక ఫైళ్ల మూట) పేరు, కెర్నల్‌కి ఇచ్చే ఆప్షన్లు తన మెనూలోకి కాపీ చేస్తుంది.

చిక్కంతా ఆ కాపీలోనే ఉంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరా లాంటి వాటిలో కెర్నల్ ఫైల్ పేరులోనే వెర్షన్ నంబర్ ఉంటుంది. ఉదాహరణకు మొదటి మెనూ ఉబుంటు చేతిలో ఉందనుకుందాం. డెబియన్‌లో కొత్త కెర్నల్ వస్తుంది, డెబియన్ తన మెనూను సరిచేసుకుంటుంది, కొన్నాళ్లకు పాత కెర్నల్‌ను తీసేస్తుంది. ఉబుంటుకి ఈ విషయం తెలిసే అవకాశమే లేదు. దాని మెనూలో ఇంకా పాత పేరే ఉంటుంది. మళ్లీ ఉబుంటులోకి వెళ్లి అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడిపేదాకా డెబియన్ పాత కెర్నల్‌తోనే బూట్ అవుతుంది, ఆ ఫైల్ పోయాక అసలు బూట్ కాదు. సెక్యూరిటీ అప్‌డేట్ చేశామని నమ్మకంగా ఉంటారు, నడిచేది మాత్రం పాత కెర్నల్. బూట్ కాకపోతే కనీసం తెలుస్తుంది. ఇది అలా బయటపడదు కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం.

ఆర్చ్‌లో కెర్నల్ ఫైల్ పేరులో వెర్షన్ ఉండదు, ఎప్పుడూ ఒకే పేరు. అందువల్ల అక్కడ ఈ ఇబ్బంది కనిపించదు. ఫెడోరాతో వేరే సమస్య. 2019లో వచ్చిన ఫెడోరా 30 నుంచి అది ప్రతి కెర్నల్‌కీ ఒక చిన్న ఎంట్రీ ఫైల్ విడిగా రాస్తుంది. గ్రబ్ కాన్ఫిగ్‌లో ఆ ఎంట్రీలు ఉండవు, వాటిని చదవమనే ఆదేశం మాత్రం ఉంటుంది. పాత పద్ధతిలో కాన్ఫిగ్‌ను చదివి కెర్నళ్ల పేర్లు ఏరుకునే ఓఎస్-ప్రోబర్‌కి అక్కడ సరైన సమాచారం దొరకదు.

2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్‌ను డీఫాల్ట్‌గా ఆపేశారు. అన్ని పార్టిషన్లనూ రూట్ అధికారంతో తెరిచి చదవడం భద్రతకు మంచిది కాదన్నది కారణం. అప్పటినుంచి అప్‌డేట్ తర్వాత విండోస్ పేరు మెనూలోంచి మాయమైందన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో ఓఎస్-ప్రోబర్‌ను డిసేబుల్ చేసే లైన్‌కి ఫాల్స్ అని రాస్తే అది మళ్లీ పనిచేస్తుంది. కొన్ని డిస్ట్రోలు ముందే అలా రాసి ఇస్తాయి. విండోస్‌కి ఇది సరిపోతుంది, ఎందుకంటే విండోస్ బూట్ మేనేజర్ ఫైల్ ఉండే చోటు మారదు. పక్క లినక్స్‌ల కోసం మాత్రం దీన్ని నమ్ముకోకపోవడమే మంచిది.

అన్నిటికంటే గట్టి కారణం ఇంకొకటుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఉబుంటు షిమ్ (గ్రబ్ కంటే ముందు నడిచే చిన్న బూట్‌లోడర్) నమ్మేది ఉబుంటు సంతకాన్నే, లేదంటే ఆ కంప్యూటర్‌లో నమోదు చేసిన సంతకాలను. ఉబుంటు గ్రబ్ వెళ్లి ఫెడోరా కెర్నల్‌ను నేరుగా లోడ్ చేయబోతే, సంతకం సరిపోలలేదని ఆగిపోతుంది. ఓఎస్-ప్రోబర్ ఎంత శుభ్రంగా ఎంట్రీ రాసినా అది పనిచేయదు.

గుమ్మం దాకా చాలు

కాబట్టి మొదటి మెనూ పక్క సిస్టమ్‌ను గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలేస్తే చాలు. లోపల ఏ కెర్నల్ ఉంది, దానికి ఏ ఆప్షన్లు కావాలి అనేది ఆ సిస్టమ్ సొంత బూట్‌లోడర్ చూసుకోవాలి. దీన్నే చెయిన్‌లోడింగ్ అంటారు. గ్రబ్‌లో అయితే ఓఎస్-ప్రోబర్ తయారు చేసిన ఎంట్రీలను వదిలేసి, మనం సొంతంగా రాసుకోవడానికి ఇచ్చిన కస్టమ్ ఫైల్‌లో ప్రతి డిస్ట్రోకీ ఒక చిన్న ఎంట్రీ రాయాలి. ఈఎస్‌పీని దాని యూయూఐడీతో (ప్రతి పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్‌తో) వెతకమని ఒక లైన్, ఆ డిస్ట్రో ఫోల్డర్‌లోని షిమ్ ఫైల్‌ను నడపమని ఇంకో లైన్. అంతే. పక్క డిస్ట్రోలో కెర్నల్ ఎన్నిసార్లు మారినా ఈ ఎంట్రీ మార్చాల్సిన పని రాదు.

ఇక్కడ షిమ్ ఫైల్‌నే నడపాలి, అదే ఫోల్డర్‌లో ఉండే గ్రబ్ ఫైల్‌ను కాదు. సెక్యూర్ బూట్‌లో ఫెడోరా గ్రబ్ మీద ఉండేది ఫెడోరా సంతకం. దాన్ని నమ్మేది ఫెడోరా షిమ్. ఆ షిమ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి ఏ దారిలో వచ్చినా అది నడుస్తుంది. సెక్యూర్ బూట్ ఆపేసి ఉంటే రెండిట్లో ఏదైనా ఒకటే, కానీ రేపు ఆన్ చేసినప్పుడు ఇబ్బంది పడకుండా మొదటినుంచీ షిమ్ పేరే రాసుకోవడం మేలు.

రెండు మెనూలు వరుసగా వస్తాయి కదా, విసుగు కాదా అంటే, లోపలి డిస్ట్రోల్లో మెనూ కనిపించే సమయాన్ని సున్నాకో, ఒక సెకనుకో తగ్గించుకోవచ్చు. పాత కెర్నల్ కావాల్సినప్పుడు కీ నొక్కి మెనూను పైకి తెచ్చుకోవచ్చు.

ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు

ఈ పద్ధతికి అడ్డం వచ్చే సందర్భం ఒకటుంది, దాన్ని చాలామంది ముందుగా ఊహించరు. ఒకే డిస్క్‌లో రెండు ఉబుంటులు పెట్టారనుకుందాం, ఒకటి పాత ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్), ఇంకోటి కొత్తది. లేదా ఉబుంటు, దాని మీద ఆధారపడిన లినక్స్ మింట్. ఈ రెండూ ఈఎస్‌పీలో వాడుకునేది ఉబుంటు అనే పేరుగల ఫోల్డర్‌నే. ఆ ఫోల్డర్‌లో ఉండే చిన్న కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక పార్టిషన్ యూయూఐడీ ఉంటుంది, గ్రబ్ ఆ పార్టిషన్‌కి వెళ్లి అసలు మెనూను చదువుతుంది. రెండో సిస్టమ్ ఇన్‌స్టాల్ కాగానే ఆ యూయూఐడీ మారిపోతుంది. తర్వాత మొదటి సిస్టమ్‌లో గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయితే మళ్లీ దానిది అవుతుంది. ఈ నెల ఒక మెనూ, వచ్చే నెల ఇంకో మెనూ రావడానికి కారణం ఇదే.

బూట్‌లోడర్ ఐడీ మార్చి వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందని సలహా ఇస్తుంటారు. సెక్యూర్ బూట్ కోసం సంతకం చేసిన గ్రబ్ విషయంలో అది పూర్తిగా పనిచేయదు. తన కాన్ఫిగ్ ఏ ఫోల్డర్‌లో ఉంటుందో ఆ పేరు ఆ ఫైల్ లోపలే రాసి ఉంటుంది, దాన్ని మారిస్తే సంతకం చెల్లదు. కాబట్టి ఉన్న దారులు రెండు. రెండు డిస్క్‌లుంటే ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో డిస్క్‌లో విడి ఈఎస్‌పీ ఇవ్వడం ఒకటి. రెండో సిస్టమ్‌ను బూట్‌లోడర్ లేకుండా ఇన్‌స్టాల్ చేసి, మొదటి గ్రబ్ నుంచి రెండో సిస్టమ్ గ్రబ్ కాన్ఫిగ్‌ను తెరిచేలా ఒక ఎంట్రీ రాయడం ఇంకోటి. రెండూ ఒకే కుటుంబానివి కాబట్టి సంతకంతో గొడవ ఉండదు. కాన్ఫిగ్‌ను ప్రతిసారీ అప్పటికప్పుడు తెరిచి చదువుతుంది కాబట్టి కెర్నల్ పేరు పాతబడే సమస్యా ఉండదు.

రెండు డిస్క్‌లున్నవాళ్లు ఈ కారణం లేకపోయినా విడి ఈఎస్‌పీలు పెట్టుకోవడం మంచిది. కొన్ని ఇన్‌స్టాలర్లు రెండో డిస్క్‌లో సిస్టమ్ పెట్టమన్నా బూట్‌లోడర్‌ను మొదటి డిస్క్ ఈఎస్‌పీలోనే రాస్తాయి. ఆ సంగతి మొదటి డిస్క్ తీసేసిన రోజు బయటపడుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ ఈఎస్‌పీ ఎంచుకున్నామో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. వీలైతే ఆ కాసేపు మొదటి డిస్క్‌ను ఊడదీసి ఉంచడం ఇంకా నయం.

గ్రబ్, సిస్టమ్‌డి-బూట్, రెఫిండ్

ఇక ఏది మంచిదన్న ప్రశ్నకు వద్దాం.

గ్రబ్ బలం అది చదవగలిగే ఫైల్ సిస్టమ్‌ల సంఖ్య. ఎక్స్‌ట్4, బీటీఆర్‌ఎఫ్ఎస్, ఎక్స్‌ఎఫ్ఎస్, ఎల్వీఎమ్, రెయిడ్, కొంతవరకు ఎన్‌క్రిప్ట్ చేసిన పార్టిషన్లు కూడా అది తెరుస్తుంది. కెర్నళ్లు ఈఎస్‌పీలో ఉండనక్కర్లేదు. బయోస్ కంప్యూటర్లలోనూ నడుస్తుంది. బీటీఆర్‌ఎఫ్ఎస్ స్నాప్‌షాట్ల నుంచి బూట్ కావాలనుకునేవాళ్లకు ఇదే తేలిక. ఉబుంటు, ఫెడోరా లాంటి వాటిలో సంతకం చేసిన ఫైల్స్‌తో వస్తుంది కాబట్టి సెక్యూర్ బూట్‌కి అదనపు శ్రమ లేదు. దాని బలహీనత కూడా ఆ విస్తృతిలోనే ఉంది. కోడ్ పెద్దది, కాన్ఫిగ్ అర్థం చేసుకోవడం కష్టం, తప్పు జరిగే చోట్లు ఎక్కువ. లినక్స్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయిన ల్యూక్స్2లో ఇప్పుడు డీఫాల్ట్‌గా వాడే ఆర్గాన్2 తాళాన్ని గ్రబ్ 2.12 తెరవలేదు. కిందటిసారి ఎంచుకున్నదాన్నే గుర్తుపెట్టుకునే సదుపాయం కూడా బూట్ ఫోల్డర్ బీటీఆర్‌ఎఫ్ఎస్‌లోనో, ఎల్వీఎమ్‌లోనో ఉంటే సరిగా పనిచేయదు. గ్రబ్ 2.12 వాటిని చదవగలదు గానీ వాటిలో రాయడం దానికి చేతకాదు.

సిస్టమ్‌డి-బూట్ దానికి పూర్తిగా వ్యతిరేకం. గమ్మీబూట్ అనే పేరుతో మొదలై 2015లో సిస్టమ్‌డిలో కలిసింది. ఇది సొంతంగా ఫైల్ సిస్టమ్‌లను చదవదు, ఫర్మ్‌వేర్ చదవగలిగినదే చదువుతుంది. కెర్నళ్లు ఈఎస్‌పీలో గానీ, అదే డిస్క్‌లో దానికి తోడుగా చేసుకునే ఎక్స్‌బూట్‌ఎల్‌డీఆర్ పార్టిషన్‌లో గానీ ఉండాలి. ఒక్కో ఎంట్రీకి నాలుగైదు లైన్ల టెక్స్ట్ ఫైల్ ఒకటి. స్క్రిప్ట్ లేదు, మెనూను తయారు చేసే కమాండ్ లేదు. ఏం తప్పు జరిగిందో కంటితో చూసి తెలుసుకోవచ్చు. ఒకే డిస్క్, ఒకటి రెండు డిస్ట్రోలు ఉన్నవాళ్లకు ఇంతకంటే హాయైనది లేదు.

మల్టీబూట్‌లో దీనికి రెండు ఇబ్బందులు. మొదటిది జాగా. విండోస్ ముందే ఉన్న కంప్యూటర్లలో ఈఎస్‌పీ తరచుగా 100 ఎంబీ ఉంటుంది. ఒక్క కెర్నల్, దాని ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్, అత్యవసరానికి ఉంచే పెద్ద ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ కలిస్తేనే అది నిండిపోతుంది. జాగా అయిపోయినప్పుడు కెర్నల్ అప్‌డేట్ మధ్యలో ఆగి, సగం రాసిన ఫైల్ మిగలడం అన్నిటికంటే చెడ్డ పరిస్థితి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈఎస్‌పీని 1 జీబీ చేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. రెండోది, అది తనున్న ఈఎస్‌పీలోని సిస్టమ్‌లనే చూపిస్తుంది. విండోస్ అదే ఈఎస్‌పీలో ఉంటే దానంతటదే మెనూలోకి వస్తుంది. ఇంకో డిస్క్‌లోని ఈఎస్‌పీలో ఉంటే రాదు.

రెఫిండ్ ఈ పనికి అందరికంటే బాగా సరిపోతుంది. రాడరిక్ స్మిత్ 2012లో పాత రెఫిట్ నుంచి దీన్ని వేరు చేసి మొదలుపెట్టారు. దీని తీరు వేరు. ముందే తయారు చేసిన మెనూ అంటూ ఉండదు, బూట్ అయిన ప్రతిసారీ అన్ని డిస్క్‌లనూ వెతికి ఉన్నవాటిని చూపిస్తుంది. డిస్ట్రో కొత్తగా పెట్టినా, తీసేసినా, యూఎస్‌బీ గుచ్చినా తర్వాతి బూట్‌లో మెనూ దానికి తగ్గట్టే ఉంటుంది. పాతబడే కాపీ అంటూ లేదు కాబట్టి ఓఎస్-ప్రోబర్ సమస్య మొత్తం ఇక్కడ లేనే లేదు. డీఫాల్ట్‌గా వదిలేస్తే మాత్రం విడి కెర్నళ్లు, గ్రబ్ ఫైల్స్, షిమ్ ఫైల్స్, ఫాల్‌బ్యాక్ ఫైల్స్ అన్నీ కలిసి స్క్రీన్ నిండిపోతుంది. కెర్నళ్లను వెతికే సెట్టింగ్‌ను ఆపేసి, బూట్‌లోడర్లను మాత్రమే చూపించమంటే ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో బొమ్మ మిగులుతుంది. గుమ్మం దాకా మాత్రమే వెళ్లే మెనూ అంటే సరిగ్గా ఇది.

మూడు నాలుగు సిస్టమ్‌లు పెట్టుకుని తరచూ మార్చేవాళ్లకు రెఫిండ్. ఒక డిస్ట్రో మీదే ఎక్కువ పని, మిగతావి అప్పుడప్పుడు అయితే ఆ డిస్ట్రోతో వచ్చిన బూట్‌లోడరే చాలు, దానికి చెయిన్‌లోడ్ ఎంట్రీలు జోడించుకోవాలి. సరదా కోసం బూట్‌లోడర్ మార్చడం మాత్రం వద్దు. డిస్ట్రో పరీక్షించి ఇచ్చినదాన్ని పక్కన పెడితే తర్వాత అప్‌డేట్‌లో వచ్చే తేడాలన్నీ మనమే చూసుకోవాలి.

అసలు అదనపు మెనూ ఏదీ లేకుండా ఫర్మ్‌వేర్ బూట్ మెనూనే వాడుకోవడం కూడా మంచి పద్ధతే, దాన్ని తక్కువగా చూడనవసరం లేదు. ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 లాంటి కీ నొక్కితే ఎన్వీర్యామ్‌లోని జాబితా కనిపిస్తుంది. లినక్స్‌లో ఉన్నప్పుడు ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో బూట్‌నెక్స్ట్ పెడితే వచ్చే ఒక్కసారి మాత్రం ఆ సిస్టమ్ తెరుచుకుంటుంది, ఆ తర్వాత మామూలు వరుసే. బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన విండోస్ ఉన్నవాళ్లకు ఇదే సరైన దారి. గ్రబ్ ద్వారానో, షిమ్ ద్వారానో విండోస్‌ను తెరిస్తే టీపీఎమ్‌లో (కంప్యూటర్‌లోని భద్రతా చిప్‌లో) నమోదయ్యే కొలతలు మారతాయి. అప్పుడు బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. ఫర్మ్‌వేర్ నుంచి నేరుగా వెళితే ఆ మార్పు రాదు.

సెక్యూర్ బూట్, అప్పుడప్పుడు వాడే డిస్ట్రో

2020 జులైలో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే లోపం బయటపడింది. దాంతో అప్పటిదాకా సంతకం చేసిన పాత గ్రబ్‌లు, షిమ్‌లు అన్నిటినీ చెల్లకుండా చేయాల్సిన అవసరం వచ్చింది. ఒక్కో ఫైల్‌ను నిషేధ జాబితాలో రాసుకుంటూ పోతే ఫర్మ్‌వేర్‌లో జాగా చాలదు. అందుకే ఎస్‌బ్యాట్ పద్ధతి తెచ్చారు. ప్రతి బూట్‌లోడర్‌కీ ఒక తరం నంబర్ ఉంటుంది, ఫలానా తరం కంటే పాతవి నడవవు అని ఒక్క మాటలో చెప్పొచ్చు.

2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ ఒకటి ఈ కనీస తరం నంబర్‌ను పెంచింది. డ్యూయల్ బూట్ ఉన్న కంప్యూటర్లను వదిలేయాలన్నది ఉద్దేశం. కానీ కొన్నిటిని అది గుర్తించలేకపోయింది. పాత షిమ్ ఉన్న లినక్స్‌లు ఎస్‌బ్యాట్ తనిఖీలో తప్పి, కంప్యూటర్ అక్కడికక్కడే ఆగిపోయింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని తొలగించి మళ్లీ ఆన్ చేసుకోవాల్సి వచ్చింది.

మల్టీబూట్ వాడేవాళ్లకు ఇందులో పట్టించుకోవాల్సిన విషయం ఉంది. రోజూ వాడే డిస్ట్రో అప్‌డేట్ అవుతూనే ఉంటుంది, దాని షిమ్ కొత్తదే. ఎప్పుడో ఒకసారి తెరిచే డిస్ట్రో షిమ్ పాతబడుతుంది. కొత్త డిస్ట్రో గానీ, విండోస్ గానీ కనీస తరం నంబర్‌ను పెంచితే దెబ్బ తగిలేది దానికే. అవసరానికి దాచుకున్న పాత లైవ్ యూఎస్‌బీకి కూడా అదే గతి. మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ గడువు 2026 జూన్ దాకానే. ఆపైన వచ్చే షిమ్‌లు 2023 సర్టిఫికెట్ సంతకంతో వస్తాయి. గడువు తేదీని ఫర్మ్‌వేర్లు సాధారణంగా చూడవు కాబట్టి ఇప్పుడున్న షిమ్‌లు ఆగిపోవు. కానీ కొత్త సర్టిఫికెట్ లేని పాత మదర్‌బోర్డ్‌లో కొత్త షిమ్ నడవదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ను వాయిదా వేయకపోవడానికి ఇదొక కారణం.

సిస్టమ్‌డి-బూట్, రెఫిండ్‌ల మీద మామూలుగా మైక్రోసాఫ్ట్ సంతకం ఉండదు. వాటిని షిమ్ ద్వారా నడపాలి, లేదా సొంత కీలు పెట్టుకోవాలి. షిమ్ కోసం నమోదు చేసే మోక్ కీ (కంప్యూటర్ యజమాని సొంతంగా చేర్చుకునే కీ) ఎన్వీర్యామ్‌లో ఉంటుంది కాబట్టి ఒకసారి నమోదు చేస్తే అన్ని డిస్ట్రోల షిమ్‌లకూ పనికొస్తుంది. సొంత కీల దారిలో వెళ్లేవాళ్లు మైక్రోసాఫ్ట్ కీలను పూర్తిగా తీసేయకూడదు. కొన్ని గ్రాఫిక్స్ కార్డుల్లోని ఫర్మ్‌వేర్ ఆ సంతకంతోనే వస్తుంది, అది నడవకపోతే స్క్రీన్ మీద ఏమీ కనిపించదు.

ఆగిపోయినప్పుడు

ప్యాకేజీ అప్‌డేట్ కావడం వేరు, బూట్‌లోడర్ అప్‌డేట్ కావడం వేరు. 2022 ఆగస్టులో ఆర్చ్, దాని మీద ఆధారపడిన ఎండెవర్‌ఓఎస్ వాడేవాళ్లలో చాలామందికి కంప్యూటర్ బూట్ కాకుండా మళ్లీ మళ్లీ ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్లిపోయింది. గ్రబ్ ప్యాకేజీ కొత్తదైంది, కొత్త స్క్రిప్టులు కొత్త కాన్ఫిగ్‌ను రాశాయి. ఈఎస్‌పీలో ఉన్న గ్రబ్ ఫైల్ మాత్రం పాతదే, కొత్త కాన్ఫిగ్‌లోని ఆప్షన్ దానికి తెలియదు. అక్కడ ప్యాకేజీ అప్‌డేట్‌తో గ్రబ్-ఇన్‌స్టాల్ (గ్రబ్ ఫైల్‌ను ఈఎస్‌పీలో రాసే కమాండ్) దానంతటది నడవదు. డెబియన్, ఉబుంటుల్లో మామూలుగా నడుస్తుంది. ఒక డిస్ట్రో అలవాటు ఇంకోదానికి వర్తిస్తుందనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే గాబరా పడి అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పెద్ద విండోస్ అప్‌డేట్ల తర్వాత విండోస్ బూట్ మేనేజర్ వరుసలో ముందుకు రావడం మామూలే. లినక్స్ ఫైల్స్ ఎక్కడివక్కడే ఉంటాయి. ఫర్మ్‌వేర్ సెటప్‌లో వరుస మారిస్తే సరిపోతుంది. ఎంట్రీయే పోతే లైవ్ యూఎస్‌బీ నుంచి ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్‌తో కొత్త ఎంట్రీ చేయొచ్చు. అయితే ఆ యూఎస్‌బీ యూఈఎఫ్ఐ పద్ధతిలోనే బూట్ అయి ఉండాలి, పాత బయోస్ పద్ధతిలో తెరిస్తే ఎన్వీర్యామ్ దానికి కనిపించదు. ఎంట్రీలను పదేపదే మరిచిపోయే మదర్‌బోర్డ్‌లూ ఉన్నాయి. వాటిలో ఫర్మ్‌వేర్ డీఫాల్ట్‌గా వెతికే ఫాల్‌బ్యాక్ చోటులో, అంటే ఈఎస్‌పీలోని బూట్ అనే ఫోల్డర్‌లో, మనకు కావాల్సిన బూట్‌లోడర్ కాపీ ఉంచడమే శాశ్వత పరిష్కారం.

గ్రబ్ ప్రాంప్ట్ కనిపిస్తే అది ఏ ప్రాంప్టో ముందు చూడాలి. గ్రబ్ అని మాత్రమే ఉంటే గ్రబ్ బాగానే ఉంది, కాన్ఫిగ్ దొరకలేదు. ఆ ఫైల్ ఎక్కడుందో వెతికి చెబితే అక్కడినుంచే మెనూ తెరుచుకుంటుంది. గ్రబ్ రెస్క్యూ అని ఉంటే తన మాడ్యూళ్లే దానికి దొరకలేదు. సాధారణంగా పార్టిషన్ తీసేసినప్పుడో, నంబర్లు మారినప్పుడో ఇది వస్తుంది. లైవ్ యూఎస్‌బీ నుంచి క్రూట్ చేసి (అంటే డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి వెళ్లి) గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే తేలిక. బాగున్న రోజునే ఈఎస్‌పీ మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, బూట్ ఎంట్రీల జాబితానూ, పార్టిషన్ల యూయూఐడీలనూ వేరే చోట రాసి ఉంచుకుంటే ఈ మరమ్మతులన్నీ కొద్ది నిమిషాల పనే.

డిస్ట్రోను తీసేసేటప్పుడు చేసే పని వరుస కూడా ముఖ్యమే. చాలామంది ముందు పార్టిషన్ తొలగిస్తారు. మొదటి మెనూ ఆ డిస్ట్రోదే అయితే ఈఎస్‌పీలోని గ్రబ్ లేని పార్టిషన్ కోసం వెతికి ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. ముందు ఉంచుకోబోయే సిస్టమ్ బూట్‌లోడర్‌ను వరుసలో పైకి తెచ్చి, రీస్టార్ట్ చేసి, అది సొంతంగా బూట్ అవుతోందని చూసుకోవాలి. ఆ తర్వాత పార్టిషన్ తీసేయాలి. మిగిలిన సిస్టమ్‌ల ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు తెరవాల్సిన పార్టిషన్ల జాబితాలో) ఆ పార్టిషన్ ప్రస్తావన ఉంటే, ముఖ్యంగా స్వాప్‌ను పంచుకుని ఉంటే, ఆ లైన్ తొలగించాలి. చివరగా ఎన్వీర్యామ్‌లోని ఎంట్రీనీ, ఈఎస్‌పీలో దాని ఫోల్డర్‌నూ తీసేయాలి. ఎంట్రీ ఒక్కటే తీసేసి ఫోల్డర్ వదిలేస్తే కొన్ని ఫర్మ్‌వేర్లు ఆ ఫోల్డర్‌ను చూసి ఎంట్రీని మళ్లీ తయారు చేస్తాయి.